గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో పిత్తనాళం తెగింది: ఇలాంటి పొరపాట్లు ఎంత మామూలు, కేసులు ఎన్ని నిలబడతాయి?

మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. మీ అమ్మగారికి యాభై దాటాయి. పిత్తాశయంలో రాళ్లున్నాయని జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో కీహోల్ ఆపరేషన్ (కడుపుకి చిన్న రంధ్రాలు పెట్టి చేసేది) చేశారు. రెండో రోజు నుంచే కడుపు ఉబ్బి నొప్పి పెరుగుతుంటే గ్యాస్ అన్నారు. ఆరో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, చలిజ్వరం వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్తే పిత్తనాళం తెగిందని తేలి, రెండో పెద్ద ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో కోలుకుంటున్నారు. బంధువుల్లో కొందరు కేసు వేయమంటున్నారు, కొందరు డాక్టర్ల మీద కేసులు నిలబడవంటున్నారు. ఇలాంటివి ఎంత తరచుగా జరుగుతాయి, ఎంతమంది కేసులు వేస్తారు, మేం ఏం చేయాలి అని అడిగారు.

నేను సర్జన్‌ని. ప్రభుత్వ ఆస్పత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. నిర్లక్ష్యం ఆరోపణలు వచ్చిన ఫైళ్లు చదివి అభిప్రాయం రాసే కమిటీల్లోనూ కూర్చున్నాను. అందుకని రెండు వైపులా చూసినవాడిగా చెప్తున్నాను. పొరపాట్లు చాలా మామూలు, కేసులు చాలా తక్కువ. పైగా ఈ రెండూ ఒకదానికొకటి పెద్దగా సరిపోలవు. నిర్లక్ష్యం వల్ల దెబ్బతిన్నవాళ్లలో దాదాపు అందరూ కేసు వేయకుండానే ఊరుకుంటారు. కేసు వేసినవాళ్లలో చాలామందికి జరిగింది నిర్లక్ష్యం అయి ఉండదు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు, లెక్కలున్నాయి. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 1984 నాటి న్యూయార్క్ రాష్ట్ర ఆస్పత్రుల రికార్డులు తీశారు. 51 ఆస్పత్రులు, 30 వేలకు పైగా కేస్ షీట్లు. 1991లో ఫలితాలు ప్రచురించారు. ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో దాదాపు నలుగురికి రోగం వల్ల కాకుండా వైద్యం వల్లే హాని జరిగింది. ఆ హానుల్లో నాలుగో వంతుకి కాస్త పైగా నిర్లక్ష్యం కిందికి వచ్చాయి, అంటే చేరిన 100 మందిలో ఒకరికి. అలా నిర్లక్ష్యానికి గురైనవాళ్లలో కేసు వేసినవాళ్లు 2 శాతం కంటే తక్కువ. చీటికీమాటికీ కోర్టుకెక్కుతారని పేరుపడ్డ అమెరికాలోనే సంగతి ఇది.

రెండో వైపు కూడా చూడాలి. 2006లో ఇంకో హార్వర్డ్ బృందం పరిష్కారమైపోయిన 1,452 కేసులు తెప్పించుకుని, డాక్టర్ల చేత ఒక్కొక్కటీ మళ్లీ చదివించింది. వాటిలో 37 శాతం కేసుల్లో వైద్యపరమైన తప్పే కనపడలేదు. తప్పు ఉన్న కేసుల్లో నాలుగింట మూడు వంతులకి పరిహారం అందింది, తప్పు లేనివాటిలో నాలుగో వంతుకి కాస్త పైగా మాత్రమే అందింది. కాబట్టి కోర్టులు అంతా గుడ్డిగా తీర్పులిస్తాయనేది నిజం కాదు. అలాగని ప్రతిసారీ న్యాయం జరుగుతుందనీ చెప్పలేం.

మరణాల గురించి పేపర్లలో వచ్చే అంకెలు చూసి మాత్రం కంగారుపడకండి. 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తమ ఆస్పత్రుల్లో ఏటా 44 వేల నుంచి 98 వేల మంది వైద్య పొరపాట్ల వల్ల చనిపోతున్నారని అంచనా వేసింది. 2016లో ఇద్దరు డాక్టర్లు ఆ అంకెని రెండున్నర లక్షలకి పెంచి, అమెరికాలో మరణాలకి ఇది మూడో కారణం అన్నారు. ఆ రెండో అంకెని ఈ రంగంలో పనిచేసే చాలామంది ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. పాత అధ్యయనాల్లో కనిపించిన కొద్దిపాటి మరణాలని దేశం మొత్తానికి గుణించి చేసిన లెక్క అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అంచనా కాస్త నిదానమైనది: వైద్యం పొందే ప్రతి 10 మందిలో ఒకరికి ఏదో ఒక హాని జరుగుతుంది, అందులో సగం ముందుజాగ్రత్తతో తప్పించగలిగినదే. మందుల విషయంలో జరిగే పొరపాట్లది ఇందులో పెద్ద వాటా.

మన దేశంలో ఆస్పత్రులన్నీ తమ పొరపాట్లని ఒకచోట నమోదు చేసి తీరాలనే పద్ధతి లేదు. రోగుల భద్రత కోసం 2018లో కేంద్రం ఒక కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. ఎన్ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు తీసుకున్న ఆస్పత్రులు లోపల రికార్డు రాసుకోవాలి. కానీ ఆ రికార్డు మీకూ నాకూ కనపడదు. మనకి కనపడేది కోర్టుకి వెళ్లినవీ, టీవీలో వచ్చినవీ. ఇంకో రకం ఉంది, మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే: ఆస్పత్రి గేటు ముందు ధర్నా, ఎవరో పెద్దమనుషులు మధ్యలో దూరడం, ఎంతో కొంత ఇచ్చి సెటిల్ చేయడం. వాటికి లెక్కాపత్రం ఉండదు. తప్పు జరిగిందో లేదో ఎవరూ తేల్చరు. తప్పు చేయని డాక్టరూ డబ్బు కడతాడు, నిజంగా తప్పు చేసినవాడు అదే పని ఇంకొకరికి చేస్తాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇక మీ అమ్మగారి విషయం. ఇక్కడ నిదానంగా చదవండి.

కీహోల్ పద్ధతిలో పిత్తాశయం తీసేటప్పుడు ప్రధాన పిత్తనాళానికి దెబ్బ తగలడం ప్రతి 1,000 ఆపరేషన్లలో 3 నుంచి 5 మందికి జరుగుతుందని ప్రపంచమంతటా ఉన్న లెక్క. కడుపు కోసి చేసే పాత పద్ధతిలో ఇది అంతకంటే తక్కువే. పిత్తాశయం నుంచి వచ్చే చిన్న గొట్టాన్ని కత్తిరించాలి. కాలేయం నుంచి వచ్చే పెద్ద గొట్టాన్ని ముట్టుకోకూడదు. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ రెండూ అతుక్కుపోయి ఒకటిగా కనిపిస్తాయి. 2003లో కాలిఫోర్నియా సర్జన్లు ఇలాంటి 252 గాయాల్ని పరిశీలిస్తే, 97 శాతం కేసుల్లో అసలు కారణం చేతి నైపుణ్యం లేకపోవడం కాదని తేలింది. సర్జన్ కన్ను ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంది. తాను సరైన గొట్టాన్నే కోస్తున్నానని అతను నమ్మాడు.

అందుకే ఒక నియమం ఉంది. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ బృందం వివరించింది, ఇవాళ ప్రతి సర్జరీ పీజీకి నేర్పిస్తారు. ఆ ప్రాంతంలో కొవ్వూ పొరలూ పూర్తిగా తీసేయాలి, పిత్తాశయం కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీయాలి. లోపలికి వెళ్లే గొట్టాలు రెండే రెండు కళ్లకి కనపడాలి, అప్పుడే గొట్టాన్ని మూసే క్లిప్ వేయాలి. అలా కనపడకపోతే ఆగిపోవాలి, సీనియర్‌ని పిలవాలి, లేదా కడుపు కోసి చేయాలి, లేదా పిత్తాశయంలో కొంత భాగం వదిలేసి బయటికి రావాలి. ఇవన్నీ గౌరవంగా వెనక్కి తగ్గే దారులే. ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా నాళానికి దెబ్బ తగిలే సందర్భాలున్నాయి. కాబట్టి నాళం తెగడం ఒక్కదాన్ని చూపించి ఇది నిర్లక్ష్యం అని నేను రాయను, చాలామంది నిపుణులు రాయరు. మన సుప్రీంకోర్టు కూడా 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది ఇదే: ఫలితం చెడ్డదైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు, అదే రంగంలో మామూలు సమర్థత ఉన్న డాక్టర్ చూపాల్సిన శ్రద్ధ చూపాడా లేదా అన్నదే కొలత.

మరి ఆ తర్వాతి ఐదు రోజుల సంగతేమిటి? మీ ఫైలు నా ముందుకి వస్తే నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. కీహోల్ ఆపరేషన్ అయిన మనిషి మర్నాటికి లేచి తిరగాలి. రోజురోజుకీ తేలికపడాలి. నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, కడుపు ఉబ్బుతుంటే, నాడి వేగం పెరుగుతుంటే పిత్తరసం కారుతోందేమోనని అనుమానించాలి. అదేమీ గొప్ప తెలివితేటలు కావాల్సిన విషయం కాదు. ఒక రక్తపరీక్ష, ఒక స్కానింగ్ చాలు. జిల్లా కేంద్రంలో ఆ రెండూ దొరుకుతాయి. ఐదు రోజులపాటు గ్యాస్ మాత్రలిచ్చి, స్కానింగ్ కూడా చేయించకపోతే అది వేరే సంగతి. నాళం తెగడం ప్రమాదం కావచ్చు, దాన్ని చూడకపోవడానికి మాత్రం జవాబు చెప్పాలి. ఆలస్యమైన కొద్దీ లోపల చీము పట్టి, రెండో ఆపరేషన్ కష్టమవుతుంది.

ఇది రుజువయ్యేది కేస్ షీట్‌తోనే. అందులో కూడా అందరూ చూసేది డాక్టర్ రాసిన పేజీ. నేను ముందు తీసేది సిస్టర్లు జ్వరం, నాడి, శ్వాస రాసే టీపీఆర్ చార్ట్. డాక్టర్ నోట్స్‌లో పేషెంట్ బాగున్నారు అని ఒక్క ముక్క ఉంటుంది, అదే రోజు చార్ట్‌లో జ్వరం 101, నాడి 120 అని ఉంటుంది. పాపం ఆ సిస్టర్ తన పని తాను చేసింది, ఎవరూ చదవలేదు. ఇలాంటివి ఎన్నో చూశాను. తర్వాత ఆపరేషన్ నోట్స్ చూస్తాను. వాపు ఎలా ఉంది, గొట్టాలు స్పష్టంగా కనిపించాయా, కష్టమైతే ఏం చేశారు అన్నది రాశారా లేక ఏ రోగికైనా సరిపోయే నాలుగు లైన్లు అచ్చు కొట్టారా అని.

కాబట్టి మీరు కేసు వేసినా వేయకపోయినా మొత్తం రికార్డు కాపీ ఇప్పుడే తీసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లపాటు దాచాలి. నోటితో అడగొద్దు. ఒక అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి, లేదా రిజిస్టర్ పోస్టులో పంపండి. కీహోల్ ఆపరేషన్లని కొన్ని చోట్ల వీడియో తీస్తారు, అదీ అడగండి. ఇవ్వకపోతే గొడవపడొద్దు, ఇవ్వలేదన్న సంగతే తర్వాత మీకు పనికొస్తుంది. హైదరాబాద్ సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్స్ కూడా తప్పకుండా తీసుకోండి. లోపల ఏం కనిపించింది, క్లిప్ ఎక్కడ ఉంది, ఎంత చీము ఉంది అని ఆయన రాసుకుంటారు. ఆయనకి మీ పక్షమూ లేదు, మొదటి ఆస్పత్రి పక్షమూ లేదు. దానికంటే బలమైన కాగితం మీకు దొరకదు.

కేసు ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. పోలీస్ స్టేషన్‌కి వెళ్లమని ఎవరైనా చెప్తే నా సలహా వద్దనే. జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం క్రిమినల్ కేసు నిలబడాలంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. మీరు చెప్పిన వివరాల్లో అంతటిది నాకు కనపడలేదు. ఆస్పత్రి మీద దాడికి దిగుతామనే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే ఆపండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం కింద అది మూడేళ్ల వరకు జైలు పడే నేరం. స్టేట్ మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు. అది డాక్టర్ రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు గానీ మీకు డబ్బు ఇప్పించలేదు.

నష్టపరిహారం కోసమైతే వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయో ఉద్యోగమిచ్చిన సంస్థో కట్టినా సరే, అది ఉచిత సేవ కాదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, ఆస్పత్రి ఉన్న ఊరికి తిరగక్కర్లేదు. మీరు మొదటి ఆస్పత్రికి కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. లాయర్ తప్పనిసరి కాదు, అయినా ఇలాంటి కేసుల్లో వైద్య విషయాలు తెలిసిన లాయర్ ఉంటే మంచిది. గడువు రెండేళ్లు. అది మాత్రం మర్చిపోవద్దు.

నిపుణుడి అభిప్రాయం లేకుండా డాక్టర్ మీద కేసే నడవదని మీకు ఎవరో చెప్పారన్నారు. అది తప్పు. ఆ మాట తేల్చింది మన హైదరాబాద్ కేసే. 2002లో మలేరియా విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి తన భార్యకి చలిజ్వరం వస్తుంటే ఆస్పత్రిలో చేర్పించారు. టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆమె చనిపోయారు. జిల్లా వినియోగదారుల ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. పై కమిషన్లు రెండూ నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేశాయి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదు, విషయం స్పష్టంగా లేనప్పుడే కావాలి అని చెప్పింది. లాయర్లు దీన్ని కిషన్ రావు కేసు అంటారు. అయితే మీ విషయంలో నిపుణుడి అభిప్రాయం పెట్టుకోమనే నేను చెప్తాను. కడుపులో గాజుగుడ్డ మరిచిపోతే ఎవరికైనా అర్థమవుతుంది. పిత్తనాళం సంగతి అలా కాదు, ఎవరో ఒక సర్జన్ కమిషన్‌కి విడమరిచి చెప్పాలి. తోటి డాక్టర్ మీద రాయడానికి మాలో చాలామంది ముందుకు రారు, ఆ మాట దాచను. ప్రభుత్వ వైద్య కళాశాల నిపుణుల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే కోరవచ్చు.

ఎంతకాలం పడుతుందో కూడా తెలుసుకుని దిగండి. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఏళ్లు పడుతుంది. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 1990లో ఆపరేషన్ తర్వాత కాళ్లు చచ్చుబడిపోయిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇచ్చింది 2009లో. కోల్‌కతాలో వైద్యం జరిగి 1998లో చనిపోయిన అనురాధా సాహా కేసులో దాదాపు 6 కోట్ల తీర్పు 2013లో వచ్చింది. అంత పెద్ద తీర్పులు చాలా అరుదు. మీలాంటి కేసుల్లో రెండో ఆస్పత్రి ఖర్చులు, పోయిన సంపాదన, పడ్డ బాధకి కొంత, కోర్టు ఖర్చులు అడగడం సబబుగా ఉంటుంది. కోట్లలో అడిగితే కేసు బరువు తగ్గుతుందే గానీ పెరగదు.

వేయాలా వద్దా అన్నది రికార్డు చూడకుండా ఎవరు చెప్పినా నమ్మకండి. రికార్డు తీసుకుని, ఆ ఊరితో సంబంధం లేని ఒక సర్జన్‌కి చూపించండి. నాలుగో రోజో ఐదో రోజో స్కానింగ్ చేసి, అనుమానం వచ్చి, హైదరాబాద్ పంపే ఏర్పాట్లలో ఉన్నారని అందులో ఉంటే కేసు బలహీనమే. జ్వరం, నాడి రాసి ఉండీ ఎవరూ పట్టించుకోలేదని తేలితే ఫిర్యాదు వేయండి. అప్పుడు వేయకపోతే ఆ ఆస్పత్రిలో ఏదీ మారదు.

ఒక పని మాత్రం ముందే చేయండి. ఆ సర్జన్ దగ్గరికి వెళ్లి, ఏం జరిగిందో చెప్పమని మర్యాదగా అడగండి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆస్పత్రులు 2001 నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. తప్పు జరిగితే తామే ముందుగా చెప్పి, క్షమాపణ అడిగి, పరిహారం ఇస్తామంటారు. తప్పు లేకపోతే ఎందుకు లేదో వివరిస్తారు. ఆ తర్వాత వాళ్ల మీద కేసులు పెరగలేదు, తగ్గాయి. కుటుంబాలు కోర్టుకెళ్లేది చాలాసార్లు డబ్బు కోసం కంటే, ఎవరూ ముఖం చూసి మాట్లాడకపోవడం వల్ల. మా వృత్తిలో ఈ మౌనం నాకు మొదటి నుంచీ నచ్చదు. మీ సర్జన్ నోరు విప్పితే మీకు సగం టెన్షన్ తీరుతుంది. విప్పకపోతే మీ దారి మీకు స్పష్టమవుతుంది.

ఈ కాగితాల హడావుడిలో అమ్మగారి ఆరోగ్యం వెనకబడకూడదు. రెండో ఆపరేషన్‌లో పిత్తనాళాన్ని పేగుకి అతికించినచోట తర్వాత ఎప్పుడైనా, కొన్నేళ్ల తర్వాత కూడా, సన్నబడే అవకాశం ఉంది. హైదరాబాద్ సర్జన్ చెప్పిన వ్యవధి ప్రకారం లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయిస్తూ ఉండండి, కేసు నడుస్తున్నా సరే. మళ్లీ చలిజ్వరం వచ్చినా, మూత్రం పచ్చబడినా, ఒళ్లు దురద పెట్టినా మామూలు జ్వరమని ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయండి. రెండు ఆపరేషన్ల సమ్మరీల ఫోటోలు ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి.